గొంగడి కప్పిన పడుగు

వరంగల్‌లో కట్టకింది వాడకు పోయి ఎవరినడిగినా చెబుతారు. చెరువు కట్ట తెగిన రోజున వెంకట్రాజం తాత నీళ్ళకు ఎదురు నడిచి, "జర ఆగు, నా చెల్లెను తెచ్చుకుంట" అని చెయ్యెత్తాడట. నీళ్ళు ఆయన నడుము దగ్గర ఆగిపోయాయట. చెల్లెను భుజమ్మీద వేసుకొని ఆయన ఎత్తుకు చేరి "ఇగ పో" అన్న తరువాతనే చెరువు తన దారిన తాను పోయిందట. ఈ ముచ్చట చెప్పేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టలేదు. మిగతా సగం మంది ఆ పూట చేనేత సొసైటీ గోదాములో ముక్కులు చీదుకుంటూ కూర్చున్నారు.

ఎవరైనా ఈ ముచ్చట మొదలుపెడితే తాత చెప్పులు వెతుక్కుంటాడు. అట్లాగని ఆయన గొప్పలకు సిగ్గుపడే మనిషేమీ కాదు. తను నేసిన జంపఖానా మీద ఒక కలెక్టరు కూర్చొని లేవలేకపోయాడని, ఇద్దరు జవాన్లు వచ్చి లేపారని ఇప్పటికీ చెబుతాడు. ఏ కలెక్టరు తాతా అంటే, "నీ పుట్టుకకు ముందుగాల" అంటాడు. ఆ కలెక్టరుకు ముచ్చట ముచ్చటకూ బరువు పెరుగుతూ పోతుంది కూడా. అంతటి మనిషికి చెరువు ముచ్చట మాత్రం గొంతు దిగదు.

కట్టకింది వాడ అంటే చెరువు కట్టకు దిగువన ఉన్న సాలెవాళ్ళ ఇండ్లు. ఇంటింటికీ గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టి కూర్చొని నేస్తారు. ఆ వాడలో మనుషులను మనుషులుగా లెక్కబెట్టే అలవాటు ఎవరికీ లేదు. పెండ్లికి పిలిచినా, పండుగకు చందా వేసినా, సొసైటీ నూలు పంచినా మగ్గాల లెక్కనే. "ఎన్ని మగ్గాలు వచ్చినయ్?" అంటే ఎంతమంది వచ్చారని అర్థం. మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళు. ఆడవాళ్ళు నూలు తోడతారు, కండెలు చుడతారు, మగ్గానికెక్కే నిలువు దారాల పడుగుకు గంజి పెడతారు. అవన్నీ లేకపోతే మగ్గం కదలదు గానీ, లెక్కలోకి వచ్చేది మగ్గమే.

చిలుకమ్మ వెంకట్రాజం చెల్లె. చిన్నప్పుడు జ్వరం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. ఇంట్లో చేతుల మీద జరుగుతూ తిరుగుతుంది. పెండ్లి కాలేదు. పొద్దున లేస్తే గడప పక్కన రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతూ, వీధిలో పోయే ప్రతివాళ్ళనూ ఒక మాట అని పంపించేది. కోడలు అత్తమీద అలిగినా, దూడ తాడు తెంపుకున్నా ముందు తెలిసేది చిలుకమ్మకే. కండెలు చుట్టి చుట్టి ఆమె చేతులు మగవాళ్ళ చేతులకన్నా గట్టిపడ్డాయి. మనవలు ఆమె దగ్గర మొట్టికాయ తిని, తాత దగ్గరికి పోయి ఏడ్చేవాళ్ళు. తాత దెబ్బ తగిలిన చోటు చూసి, "మంచిగ తాకింది" అనేవాడు.

సముద్రం ఒడ్డున ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయిన మరుసటి ఏడు, అంటే డెబ్బై ఎనిమిదిలో, రెవెన్యూ ఆఫీసు గిర్దావరు సాబ్ వాడకు వచ్చాడు. సముద్రం ఇక్కడికి రాదు గానీ చెరువు నెత్తిమీదనే ఉంది, ఏదో ఒక ఏర్పాటు చేసుకోండి అన్నాడు. కుర్చీలు వెంకట్రాజం ఇంటి ముందు వేశారు. వెంకట్రాజం అప్పుడు వాడకు పెద్దమనిషి, గొంతు కూడా పెద్దదే.

"మీ వాడల ఎంతమంది ఉంటరు?" అని గిర్దావరు అడిగాడు.

"ముప్పై మగ్గాలు సార్."

ఆ మాటతో ఏర్పాటంతా అయిపోయినట్టే. కట్టకు ముప్పొస్తే వాడలోని సారయ్య డప్పు కొట్టాలి. డప్పు వినగానే మగ్గానికొకరు కట్టమీదికి పోయి ఇసుక బస్తాలు వేయాలి. ఆగకపోతే నూలు, పడుగులు మూటగట్టుకొని అందరూ ఎత్తుమీది సొసైటీ గోదాముకు చేరాలి. అక్కడ వెంకట్రాజం మగ్గం మగ్గం పేరున పిలుస్తాడు. గిర్దావరుకు అంతా నచ్చింది. చాయ్ తాగుతూ తల ఊపాడు.

అప్పుడు తలుపు వెనుక నుంచి వెంకట్రాజం పెండ్లాం అనసూర్య గొంతు వినిపించింది. "ఏందయ్యా, మరి చిలుకమ్మను ఎవరెత్తుకపోవాలె?"

వెంకట్రాజం వెనక్కి తిరగలేదు. "ఆడోళ్ళ ముచ్చట తర్వాత చూద్దాం. నువ్వు ఇంకింత చాయ్ వొయ్యి" అన్నాడు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు నవ్వారు. చాయ్ వచ్చింది. ఆ "తర్వాత" అనేది మాత్రం రాలేదు.

ఆ శ్రావణంలో వాన పట్టింది. చెరువు నిండి, మత్తడి మీదుగా నీళ్ళు దుంకుతున్న చప్పుడు ఇండ్లలోకి వినిపించేది. అనసూర్య తన అక్క బిడ్డ పురుడుకని కేసముద్రం పోయింది. కొడుకు బొంబాయి దగ్గర భీవండి మిల్లుల్లో ఉన్నాడు. ఇంట్లో అన్న, చెల్లె, ఇద్దరే. ఒక మధ్యాహ్నం కట్టకు బుంగ పడింది. సారయ్య డప్పు కొట్టాడు. మగవాళ్ళు బస్తాలు మోశారు. బుంగ పెద్దదైంది. సారయ్య డప్పు ఇంకోలా కొట్టాడు. గోదాముకు పొండి అని దాని అర్థం.

వెంకట్రాజం ఇంటికి పరుగెత్తాడు. మగ్గం పక్కన సొసైటీ నుంచి తెచ్చిన కొత్త పడుగు చుట్ట ఉంది. అది తడిస్తే నూలంతా పాడైపోతుంది. కప్పడానికి అటూ ఇటూ చూశాడు. వానకు వణుకు పుట్టి చిలుకమ్మ గొంగడి కప్పుకొని కండెలు చుడుతూ ఉంది.

"చిలుకా, గా గొంగడి ఇయ్యి, జల్ది!"

ఆమె తీసి ఇచ్చింది. "కొస జారుతది, మంచిగ ముడెయ్యన్నా" అని కూడా చెప్పింది.

ఆయన ముడి గట్టిగా వేశాడు. పడుగును భుజానికెత్తుకొని వానలోకి పోయాడు. మళ్ళీ వస్తానని చెల్లెతో అనలేదు. మనసులోనైనా అనుకున్నాడా అంటే, అదీ ఆయనకు గుర్తులేదు. అనుకొనే ఉంటానని తనకు తాను నచ్చజెప్పుకోవడానికి తరువాత చాలా ఏండ్లు చూశాడు. కుదరలేదు.

గోదాములో తడిసిన మనుషులు, మూటలు, మేకలు. వెంకట్రాజం ఒక నూలు బేలు ఎక్కి నిలబడి పిలవడం మొదలుపెట్టాడు.

"సారయ్య మగ్గం!"

"ఉన్నం!"

"మొగిలయ్య మగ్గం!"

మొగిలయ్యకు చెవులు వినబడవు. పెండ్లాం మోచేత్తో పొడిస్తే, "ఆఁ, ఏందీ, ఉన్నం" అన్నాడు. ఒక్కొక్క మగ్గమే పలికింది. చివరికి, "వెంకట్రాజం మగ్గం!" అని తన పేరు తానే పిలుచుకొని, గొంతు మార్చి "ఉన్నం!" అని తానే పలికాడు. అంత వానలోనూ జనం నవ్వారు. "ఒక్క మగ్గం తప్పిపోలే సార్" అన్నాడు. గుమ్మం బయట గొడుగు కింద నిలబడ్డ గిర్దావరు "శభాష్" అన్నాడు. తాత జీవితంలో ఆ శభాష్ తరువాతి పావుగంట అంత మంచిది ఇంకొకటి లేదు, అంత చెడ్డదీ లేదు.

పక్కింటి సమ్మమ్మ చంకలో పిల్లవాణ్ణి పెట్టుకొని వచ్చింది. "అన్నా, గా గొంగడి జర ఇయ్యవా, పోరనికి చలివెడతాంది."

వెంకట్రాజం దర్జాగా వంగి ముడి విప్పాడు. గొంగడి దులిపితే మడతలో నుంచి సగం చుట్టిన కండె ఒకటి జారి, నేలమీద దొర్లి, సమ్మమ్మ కాలి దగ్గర ఆగింది. సమ్మమ్మ కండెను చూసింది, చుట్టూ చూసింది.

"చిలుకవ్వ ఏదన్నా?"

అప్పుడు ఆయన నోటి నుంచి వచ్చిన మాటను తాత ఇప్పటికీ నోట్లో నుంచి ఉమ్మేయలేకపోతున్నాడు.

"ఆమెకు మగ్గం లేదు గద" అన్నాడు.

అన్న తరువాత ఆ మాట తన చెవుల్లోనే పడింది. సమ్మమ్మ పిల్లవాణ్ణి ఇంకా దగ్గరికి అదుముకుంది. ఆయన బేలు మీది నుంచి దూకి, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తాడు.

వాడలోకి నీళ్ళు నడుము దాకా వచ్చాయి. అవి ఎవరి కోసమూ ఆగలేదు. మధ్యలో ఆగి, గోడ పట్టుకొని మళ్ళీ నడిచింది తాతే. ఇంట్లోకి పోతే మగ్గం గుంట ఎక్కడుందో తెలియడం లేదు, అంతా ఒకే ఎర్రనీళ్ళు. చిలుకమ్మ బియ్యం డ్రమ్ము మీద ఉంది. చేతులతో మగ్గం గుంజ పట్టుకొని పైకి పాకి, మగ్గం తాడును నడుముకు చుట్టుకొని, గుంజను కావలించుకొని కూర్చుంది. జుట్టు ముఖానికి అంటుకుపోయి ఉంది. పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అన్నను చూసింది.

"నూలు తడవలే గదన్నా?" అని అడిగింది.

ఆయన నీళ్ళను తోసుకుంటూ గుంజ దగ్గరికి పోయాడు. తాడు విప్పి వీపుమీద ఎక్కించుకున్నాడు. దారిలో పడ్డాడు, లేచాడు. "మోరి ఉన్నది, ఎడమకు పో" అని ఆమె చెవిలో చెబుతూనే ఉంది. ఎత్తుమీదికి చేరేసరికి జనం గోదాము గుమ్మంలోకి వచ్చి చూశారు. వాళ్ళకు కనిపించింది ఇదే: కాళ్ళు పడిపోయిన చెల్లెను వీపుమీద మోసుకొని వరదలో నుంచి వస్తున్న అన్న. వెనకటి కథ సమ్మమ్మకు ఒక్కదానికే తెలుసు. ఆమె చెప్పలేదు.

ఆ తరువాత వాడ ఊరుకుంటుందా! నెల తిరక్కుండానే సొసైటీలో సన్మానం పెట్టారు. శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. చెల్లె అంటే అట్లుండాలె, అన్న అంటే ఇట్లుండాలె అని సొసైటీ పెద్ద గంటసేపు మాట్లాడాడు. మీరూ రెండు మాటలు చెప్పాలన్నారు. వెంకట్రాజం లేచాడు. గోడ పక్కన ఆడవాళ్ళలో అనసూర్య కూర్చొని ఉంది, చాయ్ పొయ్యమన్ననాడు తలుపు వెనుక ఎట్లా చూసి ఉంటుందో అట్లానే చూస్తూ. ఆమె పక్కన సమ్మమ్మ. నిజం చెబుదామని నోరు తెరిచాడు. "నేను చేసిందేం లేదు" అని మాత్రం వచ్చింది. అది పచ్చి నిజమే. జనం దాన్ని మంచితనం అనుకొని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

శాలువా తెచ్చి చిలుకమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "గొంగడంత వెచ్చగ లేదు" అని పక్కన పెట్టింది.

అది ఎత్తిపొడుపా, మామూలు మాటా? నూలు తడవలేదు కదా అన్నది ఎత్తిపొడుపా, నిజంగానే నూలు సంగతి అడిగిందా? ఆయనకు తెలియలేదు. అడగడానికి నోరు రాలేదు. ఒకే గడపలో ఐదేండ్లు ఆమె ముందు నుంచి తల వంచుకొని తిరిగాడు. చలికాలంలో తను గొంగడి కప్పుకోవడం మానేశాడు. మాపటికి "చలివెడతాందా చిలుకా" అని అడిగేవాడు. ఎండాకాలంలో కూడా అడిగేవాడు. "నీకేమన్న జ్వరమా?" అని ఆమె తిట్టేది.

ఎనభై మూడులో మళ్ళీ వానలు గట్టిగా పడతాయన్నారు. కొత్త గిర్దావరు వచ్చాడు, పడుచువాడు. సొసైటీ గోదాము ముందు కుర్చీలు వేశారు. అనుభవం ఉన్న మనిషని వెంకట్రాజాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "పెద్దాయనా, ఎన్ని మగ్గాలు?" అని అడిగాడు. వాడ అలవాటు ఎవరో ముందే నేర్పి తెచ్చినట్టున్నారు.

వెంకట్రాజం కుర్చీలో నుంచి లేచాడు. గిర్దావరు వైపు తిరిగాడు. "మగ్గాలు అడగకున్రి సార్" అన్నాడు. గిర్దావరు నవ్వబోయి ఆగాడు. అప్పుడు చెప్పాడు తాత. గొంగడి గుంజుకున్న సంగతి, తన పేరు తానే పిలిచి తానే పలికిన సంగతి, "ఆమెకు మగ్గం లేదు గద" అన్న సంగతి. ఎప్పుడూ వాడ అంతటికీ వినిపించే గొంతు, ఆ రోజు రెండో వరస కుర్చీకి కూడా సరిగ్గా వినిపించలేదు. వినిపించనివాళ్ళకు ముందువాళ్ళు తిరిగి చెప్పారు. అట్లా ఆయన సిగ్గును ఆయన కళ్ళముందే రెండుసార్లు చెప్పారు. చెరువు ముచ్చట ఇంకా ఎట్లా బతికి ఉందంటే, జనానికి రెండూ విన్నాక మొదటిదే నచ్చింది.

గుమ్మం దగ్గర నుంచి అనసూర్య లేచింది. ఈసారి తలుపు అడ్డం లేదు. "నేను ఆనాడే అడిగిన సారూ. చిలుకమ్మను ఎవరెత్తుకపోవాలె అన్న. చాయ్ వొయ్యుమన్నడు. ఇయ్యాల సుత చాయే వొయ్యాల్నా, మాట్లాడాల్నా?"

"మాట్లాడమ్మా" అన్నాడు గిర్దావరు, చేతిలోని చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక.

"నేను గాదు, ఆమెనే మాట్లాడాలె. తోలుకరాపో" అంది మొగునితో.

వెంకట్రాజం ఇంటికి పోయాడు. చిలుకమ్మ రాట్నం ఆపలేదు.

"మల్ల సన్మానమా? నన్ను మోసుడు అందరికీ చూపెడతవా?"

"కాదే. నేను నిన్ను మరిచిన్నని చెప్పిన."

రాట్నం ఆగింది. "ఎవరికి?"

"అందరికి."

"గా కొత్త గిర్దావరుకు సుత?"

"ఆయనకు సుత."

ఆమె కాసేపు నూలు కొసను వేళ్ళ మధ్య తిప్పింది. "ఆ దువ్వెన అందియ్యి" అంది.

పట్టపగలు, ఎండలో, వీధి మధ్య నుంచి చెల్లెను వీపుమీద మోసుకొని పోయాడు. గోదాము ముందు దించగానే ఆమె చుట్టూ చూసి, "అందరు కుర్చీలు దిగున్రి. పైకి చూసి చూసి నాకు మెడ గుంజుతది" అంది. గిర్దావరు దిగి చాప మీద కూర్చున్నాడు. ఇంక మిగతావాళ్ళు దిగక ఏం చేస్తారు!

"ఓ మొగిలయ్యా!" అని చిలుకమ్మ మొగిలయ్య వెనుక నుంచి పెద్దగా అరిచింది. మొగిలయ్య బీడీ దులుపుకుంటూ ఉన్నాడు. "మొగిలయ్యా, నీ పంచెకు నిప్పంటింది!" ఉలుకూ లేదు, పలుకూ లేదు. "చూసిన్రా సారూ. గీయనకు మగ్గమున్నది. మరి డప్పు ఏం చెప్తది?"

"చెవులు లేనోనికి నేను ఇంకెట్ల కొట్టాలె?" అన్నాడు సారయ్య, డప్పుకు అవమానమైనట్టు.

"నేను కిటికీల నుంచి ఆయన మీదికి కండె ఇసురుత" అంది సమ్మమ్మ. "మా ఇల్లు పక్కనే గద."

"ఒక్కటి చాలది. నాలుగు ఇసురు" అంది మొగిలయ్య పెండ్లాం. అప్పుడు ఆడవాళ్ళ నోళ్ళు లేచాయి. పొద్దంతా మగవాళ్ళు బజారుకో, సొసైటీకో పోతారని, డప్పు మోగినా కట్టమీదికే పోతారని, ఇంట్లో ముసలివాళ్ళను, బాలింతలను ఎత్తేది ఎవరని అడిగారు. ఎవరి పక్కన ఎవరుంటారో వాళ్ళే అనుకున్నారు. చిలుకమ్మను మంచం మీద మోయడానికి సమ్మమ్మ, ఇంకొకామె ఒప్పుకున్నారు. మగ్గాలు కాదు, మనిషి మనిషినీ పేరు పెట్టి పిలవాలన్నారు.

"అన్ని పేర్లు ఎవరికి తెలుసు?" అని గిర్దావరు అడిగాడు.

"నాకు" అంది చిలుకమ్మ. "గడపల కూసుండి చేసేదేముంది? నిన్న పుట్టిన పోరని పేరు సుత చెప్త."

"అయితే అందరికన్న ముందు మీరే గోదాముకు చేరాలె గదా?"

"మరేందనుకున్నవ్ సారూ? నన్ను ముందుగాల ఎత్తుకపోతరనే గద చెప్తాన్న."

అందరూ నవ్వారు. వెంకట్రాజం కూడా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. ప్రాణం దక్కించుకోవడానికి చెల్లెకు ఇంత తెలివి ఎందుకు అవసరమైందో ఆయనకు తెలుసు.

ఆ యేడు కట్ట తెగలేదు గానీ మత్తడి నీళ్ళు వాడలోకి వచ్చాయి. సమ్మమ్మ కండె మొగిలయ్య నెత్తిమీద బొప్పి కట్టించింది. గోదాములో నూలు బేలు మీద చిలుకమ్మను కూర్చోబెట్టారు. ఆమె పేరు పేరునా పిలిచింది. కోడళ్ళను, ముసలమ్మలను, చంటివాళ్ళను పిలిచింది. పేరు తప్పితే తిట్టించుకుంది, తిరిగి తిట్టింది. అందరికన్నా చివర, "వెంకట్రాజం!" అంది. అన్న అనలేదు, మగ్గం అనీ అనలేదు.

తాత గోడకు ఆనుకొని వెనుక నిలబడి ఉన్నాడు. పిలిచింది తననేనా అని పక్కవాళ్ళను చూశాడు.

"వెంకట్రాజం ఉన్నడా, కొట్టుకపోయిండా?"

"ఉన్న" అన్నాడు. ఉన్నం అని కాదు. ఒక్క మనిషి లెక్కన అన్నాడు.

మొన్న ఆయన మనవరాలు, పదో తరగతి దగ్గర చదువుతో తగువు పడి ఇంట్లో కూర్చున్నది, చిలుకవ్వ దగ్గరికి పోయి తాత అడగలేని మాట తానే అడిగింది. నూలు తడవలేదు కదా అని ఆనాడు ఎత్తిపొడిచినవా అవ్వా?

చిలుకవ్వ కండె తీసి చూసి, పక్కన పెట్టి, ఇంకొకటి ఎక్కించింది. "ఎత్తిపొడుసుడేందే! ఆ నూలు తోడింది నేను. ఎంత గోసపడి తోడిన్నో. అది తడిస్తే నాకు గాదా బాధ?"

మనవరాలు ఎగురుకుంటూ తాత దగ్గరికి పోయింది. తాత చాయ్ కోసం ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. సంగతంతా చెప్పింది. చిలుకవ్వ ఎత్తిపొడవలేదట తాతా, నూలు సంగతి నిజంగానే అడిగిందట, ఇన్నేండ్లూ ఉత్తగనే సిగ్గుపడ్డవు, ఇంతకూ అది తడిసిందా అని అడిగింది.

తాత చెప్పులు వెతుక్కోలేదు. మనవరాలి ముఖంలోకి చూశాడు.

"తడవలే. మంచిగ పొడిగ ఉండె. గదే గదనే సిగ్గు, తెలివి తక్కువదానా. పో, చాయ్ తే."